కొట్టేసిన అంకె

ఆ సంతకాన్ని సంయుక్త చూడగానే గుర్తుపట్టింది. నాన్నను ఉద్యోగంలోంచి తీసేసిన కాగితం మీద ఉన్నదే. ముప్పై ఏళ్లుగా తిట్టుకుంటున్న మనిషిది కదా, ఎలా మరిచిపోతుంది!

హైదరాబాదు రాయదుర్గంలో ఆమె పనిచేసే కంపెనీకి పోలేరు రేవు వాతావరణ కేంద్రం చరిత్రను పుస్తకంగా తెచ్చే పని వచ్చింది. పాత రిజిస్టర్లు అట్టపెట్టెల్లో దిగాయి. వాటిలో తుఫాను ఏడాదిది కూడా ఉంది. అది ఉప్పెనలో కొట్టుకుపోయిందని విచారణలో చెప్పిన మహానుభావుడు అప్పటి అధికారి వెంకటరమణ. ఏ బీరువా అడుగున తోసి మరిచిపోయాడో! బారోమీటరు చూడకుండా నిద్రపోయాడని సంయుక్త తండ్రి నరసింహమూర్తి ఉద్యోగం ఊడగొట్టారు. పడవలు తిరిగిరాని ఇళ్లవాళ్లు గుమ్మంలోకొచ్చి ఆయన మీద దుమ్మెత్తి పోశారు. ఆ నింద మోస్తూనే పోయాడు పాపం.

రిజిస్టరులో తప్పు పడితే చెరపకూడదు. పాత అంకె కనిపించేలా ఒకే గీత కొట్టి, పక్కన సంతకం పెట్టాలి. అది ఆ కేంద్రంలో రూలు. తుఫాను రోజు మధ్యాహ్నం రెండు గంటల వరసలో, గాలి పీడనం గడిలో నాన్న గుండ్రటి రాత: 988. అంటే తుఫాను నెత్తి మీదికొచ్చినట్టే. దాని మీద గీత. పక్కన 1004, అంటే ఏ ముప్పూ లేనట్టు. దాని పక్కన వెంకటరమణ సంతకం. తుఫాను హెచ్చరిక జెండా ఎగరేద్దామంటే ఆయన తన నోరు మూయించాడని నాన్న వందసార్లు చెప్పాడు. ఎవరు నమ్మారు?

పుస్తకావిష్కరణకు ముఖ్య అతిథి ఎవరనుకున్నారు? ఆ వెంకటరమణే!

"అక్కా, జర సోంచాయించు, ఇంకోపారి ఆలోచన చెయ్యి. నౌకరీ పోతది," అన్నాడు ఆ పేజీ తెర మీద వేయడానికి ప్రొజెక్టరు దగ్గరున్న ఆఫీసు కుర్రాడు నితీష్.

"పోతే పోనీ. నా కడుపుమంట చల్లారాలి."

శాలువా కప్పడం అయ్యింది. తెర మీద ఒక్క సంతకం మాత్రం పెద్దదిగా కనిపించింది.

"ఇది ఎవరిదో చెప్పగలరాండి?" తియ్యగా అడిగింది సంయుక్త.

"నాదేనమ్మా! ఇంత చక్కని సంతకం ఆ రేవులో ఇంకెవరికుంది?"

హాలంతా చప్పట్లు. ఆమె తల ఊపగానే నితీష్ పేజీ మొత్తం చూపించాడు.

"దాని పక్కన కొట్టేసిన అంకె చదవండి సార్."

వెంకటరమణ కళ్లజోడు సర్దుకున్నాడు. "ఇది... కొట్టుకుపోయింది కదా..."

"పోలేదండి. చదవండి."

"అమ్మా, నా మనవలు ముందు వరసలో ఉన్నారు," అన్నాడు గొంతు తగ్గించి.

"ఆ రోజు మా గుమ్మంలో నేనూ ఉన్నాను. నాకు పదకొండేళ్లు. చదవండి."

"తొమ్మిది వందల... ఎనభై ఎనిమిది."

సంయుక్త మైకు ఆయన నోటి దగ్గరికి జరిపింది.

"నిద్రపోకుండా అది చూసి రాసిందెవరు?"

"నరసింహమూర్తి."

"గారు," అంది సంయుక్త.

"నరసింహమూర్తి గారు."