గిర్ని సినిమాకు మొదటి నంబరు

శుక్రవారం కామత్‌ఘర్‌లో సాంచలు బంద్. వారమంతా గోడలనూ గిన్నెలనూ వణికించే ఈ మరమగ్గాల చప్పుడు ఆ ఒక్క రోజు ఆగిపోతుంది. గల్లీల్లో జనం కాస్త గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. పసిపిల్లలు అలవాటైన మోత లేక నిద్రపోరు. గాలయ్యకు మాత్రం సెలవు సంగతి అరికాళ్లతో తెలిసేది. కాళ్ల కింద నేల కదలకపోతే శుక్రవారం అన్నట్టు.

అతనికి చెవులు పోయాయి. ఒక్కసారిగా పోలేదు. నార్పోలి షెడ్డులో సాంచల మధ్య నిలబడీ నిలబడీ, మొదట పిట్టల కూతలు పోయాయి, తర్వాత కుక్కర్ ఈల, ఆ తర్వాత వెనక నుంచి పిలిచే మనుషులు. బయటివాళ్లు కనిపెట్టలేదు. షెడ్డులో అందరూ పెదవులు చూసి, చేతులూపి మాట్లాడుకునేవాళ్లే కదా, ఎదురుగా ఉన్న మనిషి మాట గాలయ్యకు బాగానే అందేది. తెలిసింది భార్య రామవ్వకు ఒక్కదానికే. ఆ సంగతి ఇద్దరూ ఎన్నడూ కూర్చుని మాట్లాడుకోలేదు. ఆమె ఎదురుగా వచ్చి మాట్లాడటం మొదలుపెట్టింది, అంతే.

గాలయ్యకు సినిమా పిచ్చి. ఒకప్పుడు ఇక్కడి టాకీసులో శుక్రవారం పొద్దుటి ఆటకు తెలుగు సినిమా వేసేవారు. ఆ ఆట చూడకపోతే అతనికి వారం గడిచినట్టుండేది కాదు. టాకీసు మూతపడి గోదామైంది. పెద్ద తెర, పెద్ద స్పీకర్లు ఉన్నన్నాళ్లు ఎంతో కొంత చెవిన పడేది. ఇప్పుడు సినిమాలన్నీ ఫోన్లోకి వచ్చాయి. నటుడు మొహం అటు తిప్పితే మాట పోయినట్టే. అందుకని రామవ్వ తను పనిచేసే చోట కండెలు చుట్టే మిషనుకు ఫోను ఆనించి పెట్టుకుని, నూలు తెగినప్పుడల్లా ముడేస్తూ ముక్కలు ముక్కలుగా సినిమా చూసేది. ఇంటికొచ్చాక అన్నం వడ్డిస్తూ, దీపం వెలుతురు మొహం మీద పడేలా కూర్చుని కథ చెప్పేది. ఆ సంవత్సరం గాలయ్య చూసిన సినిమాలన్నీ అలా చూసినవే.

డిసెంబరు చివరి శుక్రవారం చంద్రవ్వ బిస్సీలో పంచాయితీ. పెళ్లాం పిల్లల్ని ఊళ్లో ఉంచి వచ్చినవాళ్లు రెండు పూటలా తినే చోటు ఆ బిస్సీ. ఆ ఏడు వచ్చిన సినిమాల్లో ఏది గొప్పది, ఏది దండగ అని అక్కడ తేల్చడం ఏళ్లుగా నడుస్తోంది. ఒకప్పుడు కూర్చోవడానికి చోటు ఉండేది కాదు. హీరోల పార్టీలుగా చీలి, గొంతులు పోయేదాకా అరుచుకుని, ఎంగిలి చేతులు ఎండిపోయేదాకా లేచేవారు కాదు. ఇప్పుడు కొందరు ఊళ్లకు పోయారు. కొందరి షెడ్లు మూతబడి సాంచలు తుక్కుకు పోయాయి. ఈసారి గోడకు ఆనుకుని కూర్చున్నది నలుగురే. అందులో ఇద్దరు ఆవలిస్తున్నారు.

నిన్ననే క్రిస్మస్ కావడంతో మందుల దుకాణంలో పనిచేసే ఇమ్మానుయేల్ ఇంటి నుంచి గరిజెల డబ్బా తెచ్చి మధ్యలో పెట్టాడు. పేర్లు రాసి ఫోను గ్రూపులో పెట్టే పని కూడా అతనిదే.

"ఓడరేవు సినిమకు ఒకటో నంబరు," అన్నాడు కనకయ్య. రాత్రి పాళీ దిగి, నిద్రపోకుండా నేరుగా వచ్చాడు. అతను మాట్లాడితే గల్లీ చివరికి వినబడుతుంది. "ఇగ దాని మీద ముచ్చట లేదు. ఆ మ్యూజిక్ ఏంది, ఆ కొట్టుడేంది. మిగిలినయి మీరు రాసుకోండ్రి."

"కాకా, స్టోరీ కుఠే ఆహే, కథ ఏది?" అన్నాడు పంకజ్. గోదాంలో కంప్యూటర్ మీద కూర్చునే కుర్రాడు, చదువంతా మరాఠీలో. "పెళ్లి సినిమ చూడు. థానేల టికెట్టే దొరకలే. పబ్లిక్ మొత్తం రెండు సార్లు చూసింది."

"పబ్లిక్‌కు పనేం ఉన్నదిరా."

"ఓడరేవుకు పోయింది గా పబ్లికే కదా."

కనకయ్య గరిజె తీసుకుని కొరికాడు. పాత రోజుల్లో అయితే ఈపాటికి లేచి నిలబడేవాడు. చంద్రవ్వ లోపల గిన్నెలు తోముతూ తొంగి చూసి, "గింతేనా, ఈసారి కొట్లాట లేదా?" అంది. ఎవరూ నవ్వలేదు.

"గాలన్నా, నువ్వు చెప్పు," అన్నాడు ఇమ్మానుయేల్.

ఏ హీరో పార్టీలోనూ లేనివాడని ఆఖరి మాట గాలయ్యదే. అతను పొద్దుటి నుంచి ఆ మాట కోసమే చూస్తున్నాడు. ఒళ్లంతా నొప్పులు, మోకాళ్లలో వారం పని అలాగే ఉంది. అయినా ఈ ఒక్క మాట చెప్పాలని లేచి వచ్చాడు.

"నాదయితే గిర్ని సినిమ," అన్నాడు.

ఇమ్మానుయేల్ మొహం విప్పారింది. అది అతను మెచ్చిన సినిమానే. పేరున్నవాళ్లెవరూ లేరు. పిండి గిర్నిలో పనిచేసే అన్న, చెల్లెల్ని సాకి, చదివించి, పెళ్లి చేసి, చివరికి ఒంటరిగా మిగిలే కథ. "అట్ల చెప్పన్నా. ఎందుకో గూడ చెప్పు, వీళ్లకు తెలువాలె," అన్నాడు.

గాలయ్య చెప్పాడు. మామూలుగా ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కానీ ఆ సినిమా వారాల తరబడి అతనితోనే ఉంది. సాంచ ఆగి పోగు అతికే ప్రతిసారీ గుర్తొచ్చేది.

"అన్ని సినిమలల్ల ఏం జేస్తరు? ఆఖరుకు కొడతరు, లేకుంటే సంపుతరు. గీండ్ల గట్ల లేదు. చెల్లె వస్తది. గిర్ని బంద్ జేపిస్తది. అన్నను ఇంటికి తోల్కపోతది. స్నానం చేపిచ్చి, బువ్వ పెట్టి, సాప ఏస్తది. ఆయన పండుకుంటడు. పొద్దు గూకేదాక పండుకుంటడు. పోరగాండ్లు అచ్చి లొల్లి జేస్తె గూడ చెల్లె లేపనియ్యది. ఆడికి సినిమ అయిపోతది. ఒక మనిషి కడుపునిండ పండుకునుడు, దాన్ని సినిమ తీయాల్నని ఎవనికి తోస్తది?"

చెప్పడం అయ్యాక తలెత్తి చూశాడు. ఇమ్మానుయేల్ నోరు సగం తెరిచి ఉంది. పంకజ్ నవ్వు ఆపుకుంటున్నాడు. కనకయ్య ఒక్కడే తల ఆడిస్తున్నాడు, అతను ఆ సినిమా చూడలేదు.

ఇమ్మానుయేల్ మెల్లగా అన్నాడు. "అన్నా, ఆయన సచ్చిపోతడు గదా."

"ఎవలు?"

"అన్ననే. దవఖానల. చెల్లె వచ్చేసరికి అయిపోతది."

"వేరేది అనుకుంటున్నవు నువ్వు."

"నేను రెండు మాట్ల సూసిననే."

పంకజ్ అప్పటికే ఫోనులో ఆ సినిమా చివరికి జరిపి, గాలయ్య మోకాలి మీద పెట్టాడు. గాలయ్య చూశాడు. దవఖానా వరండాలో ఇనుప మంచం. పిండి కొట్టుకుపోయిన కనురెప్పలు. చెల్లెలు మెట్లెక్కి పరిగెత్తుకొస్తోంది. ఎవరో దుప్పటి మొహం మీదికి లాగారు. చెల్లెలు నోరు తెరిచి ఏడుస్తోంది. ఏమంటోందో అతనికి అందలేదు. ఆమె మొహం దుప్పటిలో దాచుకుంది.

"మరి ఇక్కడ చెల్లె ఏమన్నది కాకా?" అన్నాడు పంకజ్. గాలయ్య ఫోన్లోంచి తల ఎత్తలేదు. పంకజ్ ఇంకోసారి అడిగాడు. తర్వాత ఏదో అనుమానం వచ్చి, లేచి అతని వెనక్కి వెళ్లి, "గాలయ్య కాకా," అని గట్టిగా పిలిచాడు. లోపల చంద్రవ్వ చేతిలో గిన్నె ఆగింది. గాలయ్య కదల్లేదు.

తల ఎత్తేసరికి అందరి చూపులూ అతని మీదే ఉన్నాయి. పంకజ్ ఎదురుగా లేడు. వెనక్కి తిరిగితే ఉన్నాడు. ఏం జరిగిందో ఎవరూ చెప్పనక్కర్లేకుండానే అర్థమైంది. సెలవు రోజు, చప్పుడు లేని చోట, తప్పించుకునే దారి లేదు.

"ఎప్పటిసంది, అన్నా?" అన్నాడు ఇమ్మానుయేల్ ఎదురుగా వంగి.

"ఏమో. అట్లట్లనే పోయినయి."

పంకజ్ ఏం చేయాలో తోచక గరిజెల డబ్బా మూత పెట్టాడు. అప్పుడు కనకయ్య కాళ్లు చాపుకుని, ఎప్పుడూ లేనంత చిన్నగా అన్నాడు. "నాకు గూడ ఎడమది పోయింది. కుడిది గిట్ల సగం. ఇంట్ల ఫోను ఫుల్లు పెడితె పక్క ఖోలీ ఆమె గోడ కొట్టింది."

"మరి మ్యూజిక్ మ్యూజిక్ అంటివి," అన్నాడు పంకజ్.

"గుండెకు తగులుతది గదరా. చెవులతోని పనేంది."

పంచాయితీ అక్కడితో ఆగింది. ఇమ్మానుయేల్ ఫోను తీసి పేర్లేమీ రాయకుండానే జేబులో పెట్టుకున్నాడు. థానేలో చెవుల డాక్టరు తెలుసు, వచ్చే శుక్రవారం ఇద్దరూ పోండి, నేను ఫోన్ చేసి చెప్తా అన్నాడు. చూద్దాం అన్నాడు గాలయ్య. అతనికి ఇంటికి పోవాలని ఉంది.

దారి పొడుగునా రామవ్వ మీద కోపం వచ్చింది. తన ఒక్క గది ఖోలీ చేరేసరికి ఆ కోపం కూడా అలసిపోయింది. రామవ్వ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. అతని మొహం చూసి చాట పక్కన పెట్టింది.

"ఏమైంది, నీ సినిమకు నంబరు రాలేదా?"

"గిర్ని ఆయన సచ్చిపోతడట గదా."

రామవ్వ అర్థంకానట్టు చూసింది. తర్వాత అర్థమైంది. కొంగుతో చేతులు తుడుచుకుంది. అబద్ధం చెప్పాలన్న ఆలోచన ఆమెకు వచ్చినట్టు లేదు.

"గట్లనా," అంది. "నాకు తెల్వదు."

"తెల్వదా? నువ్వే గదా చెప్పినవు."

"నిద్ర పట్టింది. ఆయన గిర్నిల ఒక్కడే కూసున్న కాడ పట్టింది. లేచేసరికి ఫోన్ల చార్జింగ్ అయిపోయె. ఇంటికి వస్తే నువ్వు మొహం కడుక్కుని కూసున్నవు, తర్వాత ఏమైంది, తర్వాత ఏమైందని. ఇగ ఏం చెప్పాలె? నాకు నిద్ర ఆగుతలేకుండె, పండుకున్నడని చెప్పిన."

గాలయ్య ఆమె పక్కనే గడప మీద కూలబడ్డాడు. "పెళ్లి సినిమ?"

"సగం."

"ఓడరేవు?"

"అది మొదట్ల కొంచెం సూసిన. కొట్టుకునుడే గదా, నీకు ఎట్ల చెప్పినా నడుస్తదని..."

ఏడాది పొడుగునా తన తలలో ఆడిన సినిమాలన్నీ అతను ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాడు. పెళ్లి సినిమాలో అత్త కోడలికి క్షమించమని చెప్పకుండా, ఊరికే ఆమె తల దువ్వే చోటు. ఓడరేవులో రౌడీ తల్లికి భయపడి కొట్లాట మానేసే చోటు. ఎవరు తీశారో ఇంత బాగా తీశారు అనుకున్న చోట్లన్నీ ఈమె నిద్రలోకి జారిన చోట్లే. కోప్పడదామని ఆమె మొహంలోకి చూశాడు. కళ్ల కింద నల్లగా ఉంది. కనుబొమ్మల మీద తెల్లటి నూగు, ఎంత కడిగినా పోని నూలు దుమ్ము. పొద్దున్నే లేచి వండి, మిషను ముందు నిలబడి, మళ్లీ వచ్చి వండి, ఆ పైన తనకు కథ చెప్పడానికి కూర్చునే మనిషి. ఇన్నాళ్లూ ఎదురుగానే ఉన్నా అతను చూసింది ఆమె పెదవులనే.

"నిద్ర వచ్చిందని చెప్తే అయిపోతుండె గదా," అన్నాడు.

"చెప్తే నువ్వు అడుగుడు బంద్ జేస్తవు." చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. "నువ్వు మాట్లాడేదే గా ఒక్క పూట. అదీ బంద్ జేస్తే ఇంట్ల ఎవలతోని మాట్లాడాలె నేను?"

గాలయ్య చాటలోంచి ఒక రాయి ఏరి పారేశాడు. ఆమె తలెత్తి, "ఇంతకు ఎట్ల సచ్చిపోతడు?" అని అడిగింది.

గాలయ్య చెప్పాడు. ఇనుప మంచం సంగతి, మెట్లెక్కి పరిగెత్తిన చెల్లెలి సంగతి, దుప్పటి సంగతి. సినిమా కథ ఆమెకు అతను చెప్పడం అదే మొదలు. రామవ్వ బియ్యంలో చేయి అలాగే ఉంచి మొత్తం విన్నది.

"బాగలేదు," అంది చివరికి.

"బాగనే తీసిండు. నాకే నచ్చలే."

సాయంత్రం రామవ్వ ఫోన్లోకి గ్రూపు సందేశం వచ్చింది. రాసింది ఇమ్మానుయేల్ అయినా మాట కనకయ్యది. సినిమాలో ఉన్నట్టయితే గిర్ని సినిమాకు మూడో నంబరు, గాలన్న చెప్పినట్టయితే ఒకటో నంబరు. పంకజ్ దాని కింద ఒప్పుకోనని రాశాడు. గాలయ్య ఆమె చేత రెండుసార్లు చదివించుకున్నాడు.

తర్వాతి శుక్రవారం పొద్దున కనకయ్య ఆటో స్టాండులో కాచుకుని ఉన్నాడు. గాలయ్య వెనకే రామవ్వ కూడా వచ్చి షేర్ ఆటో ఎక్కింది. డాక్టరు చెప్పేది వీళ్లిద్దరిలో ఎవరికి వినబడుతుందని తోడు వచ్చింది. కనకయ్య మధ్యలో కూర్చున్నాడు, ఆమె అటు చివర, గాలయ్య ఇటు చివర. నాకా కూడలికి చేరకముందే కంటైనర్ లారీల వెనక ఆటో ఇరుక్కుంది.

"వదినె, ఓడరేవు సినిమ ఎట్ల అయిపోతది, నువ్వు చెప్పు," అన్నాడు కనకయ్య.

"నేను మొత్తం సూడలే అయ్యా."

"నేను సూసిన. అయినా చెప్పు."

రామవ్వ లారీల వైపు చూసి, చెప్పడం మొదలుపెట్టింది. కనకయ్య కుడి చెవి ఆమె వైపు తిప్పి వంగాడు. గాలయ్యకు అతని వీపు తప్ప ఏమీ కనిపించలేదు. కనుక్కోవాలని కూడా అనిపించలేదు, ఇంటికి వెళ్లాక అడగొచ్చు. ఆటో రేకుకు తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఇంజను వణుకు దవడ ఎముకల దాకా వస్తోంది. థానే ఇంకా చాలా దూరం.