ఆయన పేరు మీద నౌకరి

“ఇంకో రెండు తిప్పులు తిరిగితే నీ సొమ్మేం పోతుండె?” ఆగిపోయిన మిక్సీ ముందు నిలబడి అడిగింది సావిత్రమ్మ.

“మీటింగ్ షురువైతుంది అత్తమ్మా. జెర పావుగంట ఆగుండ్రి.”

“పావుగంటకు మీ మామ ఉప్మా తిని పొలం కాడికి పోతడు. అప్పుడు చట్నీ గోడకు రాయాల్నా?”

స్విచ్చి ఆపింది కోడలు సిరీషే. జారులో పల్లీలు సగం నలిగి, సగం పలుకులుగా మిగిలాయి. కోడలు స్విచ్చి మీద వేలు తీయలేదు, అత్త మూత మీద చెయ్యి తీయలేదు.

“మిక్సీ సప్పుడింటే కంపెనీ మునుగుతదా? గా మేనేజర్ ఇంట్ల చట్నీ చేసుకోరా?”

“నిన్న కుక్కర్ కూతకు అందరు నవ్విండ్రు. మొన్న మీరు పాలోన్ని తిట్టింది గూడ వాళ్లందరికి ఇనబడ్డది.”

“పాలల్ల నీళ్లు కలిపినోన్ని తిట్టక దండం పెడ్తనా?”

హాల్లోంచి వెంకట్రాములు గొంతు వినిపించింది. “ఏందే లొల్లి? ఇయ్యాల కాలువ నీళ్లు మన మడికి వచ్చే వంతు. ఉప్మా ఉత్తదే పెట్టు, తిని పోత.”

సావిత్రమ్మ మూత వదిలేసింది గానీ నోరు వదల్లేదు. “ఇల్లు ఇల్లు లెక్క లేదు, ఆఫీసైపోయింది,” అని గొణుక్కుంటూ ఉప్మా గిన్నె తీసుకుని వెళ్లింది. ఆ మాట నిజమే అనుకుంది సిరీష. చున్నీతో చేతులు తుడుచుకుని, గదిలోకి వెళ్లి తలుపు దగ్గరకు వేసింది.

ఆమె భర్త అఖిలేశ్ అప్పటికే కుర్చీలో ఉన్నాడు. పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ. లాప్‌టాప్ కెమెరా అతని ముఖానికి ఎదురుగా ఉంది. బల్ల చివర ఇంకో పెద్ద స్క్రీను, కొంచెం గోడవైపు తిప్పి పెట్టి ఉంది. బీరువాకూ బల్లకూ మధ్య సందులో, కెమెరాకు కనబడని చోట, ఒక ప్లాస్టిక్ స్టూలు. సిరీష దాని మీద కూర్చుని కీబోర్డు ఒళ్లో పెట్టుకుంది.

నౌకరి అఖిలేశ్‌ది. పని సిరీషది.

“అఖిలేశ్, రాత్రి క్లెయిముల ఫైలు ఎందుకు ఆగిపోయింది?” మేనేజర్ ఇంగ్లీషులో అడిగాడు. హైదరాబాదులో ఉన్న ఆ కంపెనీ ఒక ఇన్సూరెన్సు సంస్థకు లెక్కలు కట్టే ప్రోగ్రాములు రాస్తుంది.

సిరీష వేళ్లు కదిలాయి. పెద్ద స్క్రీను మీద ఇంగ్లీషు వాక్యాలు లేచాయి. అఖిలేశ్ వాటిని చూస్తూ, అప్పుడే ఆలోచిస్తున్నవాడిలా కనుబొమలు ముడిచి చదివాడు. అది మాత్రం అతనికి బాగా వచ్చు. “ఒకే పాలసీ నంబరు రెండుసార్లు వచ్చింది. సరిచేశాను. సాయంత్రానికి పరీక్ష చేసి పంపుతాను.”

దాని కింద సిరీష గబగబా ఇంకో ముక్క కొట్టింది, అతనికి తెలిసి ఉంటే మంచిదని. అఖిలేశ్ అదే గాంభీర్యంతో దాన్నీ చదివేశాడు. “ఇది నిరుడు కూడా జరిగింది. ఈ మాట చెప్పకు.”

అవతల ఎవరో కిసుక్కుమన్నారు. “ఎవరికి చెప్పొద్దు, అఖిలేశ్?” అన్నాడు మేనేజర్.

అఖిలేశ్ చెవులు ఎర్రబడ్డాయి. సిరీష “క్లయింటుకు” అని కొట్టింది.

“క్లయింటుకు,” అన్నాడతను.

ఈసారి అందరూ నవ్వారు, మెచ్చుకోలుగా. మీటింగు ముగిసింది. మైకు ఆపాడో లేదో రెండుసార్లు చూసుకుని అఖిలేశ్ గుసగుసగా అన్నాడు.

“గట్ల రాస్తరా ఎవలన్న?”

“గట్ల చదువుతరా ఎవలన్న?”

“అర్థమైతే గదా సిరీ, ఏది చదవాల్నో ఏది ఇడిసిపెట్టాల్నో తెలిసేది.”

కోపంగా అంటే బాగుండేది. నీరసంగా అన్నాడు. ఆ తర్వాత ఇద్దరికీ నవ్వు రాలేదు.

ఇద్దరూ ఇంజనీరింగు చదివినవాళ్లే. అతనిది మెకానికల్, పరీక్షలు మిగిలి మిగిలి గట్టెక్కిన చదువు. ఆమెది నిజామాబాదులో కంప్యూటర్ సైన్సు. కాలేజీలో ఉండగానే ఆమెకు ఒక ఉద్యోగం వచ్చింది గానీ, చేరాల్సిన వారంలోనే పెళ్లి ముహూర్తం పడింది. పెళ్లయ్యాక చెయ్యొచ్చులే అన్నారు అందరూ. పెళ్లయ్యాక అఖిలేశ్ అమీర్‌పేటలో కోర్సు చేశాడు. ఒక కన్సల్టెన్సీవాళ్లు అతనికి మూడేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు పుట్టించారు. ఇంటర్వ్యూలో అఖిలేశ్ పెదవులు కదిపితే జవాబులు ఇంకెవరో చెప్పారు. చుట్టాల్లో అట్లా నౌకరి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. ఎవరూ దాన్ని తప్పనుకోలేదు. నడుస్తున్న దారి అనుకున్నారు, అంతే.

చేరిన వారానికే అతను ఫోన్ చేసి, “సిరీ, గిదేందో జెర చూడు,” అన్నాడు. అప్పుడామె పుట్టింట్లో, పసిపిల్ల ఆద్యను ఒళ్లో వేసుకుని ఉంది. ఒక్కసారే కదా అని చూసింది. ఆద్య ఇప్పుడు బడికి పోతోంది. ఆ ఒక్కసారి మాత్రం ఇంకా అయిపోలేదు. ఇంటినుంచి పనిచేసుకోవచ్చని కంపెనీ అన్నాక అతను సొంతూరు బాన్సువాడకు వచ్చేశాడు.

అఖిలేశ్‌ది మాత్రం సుఖమా? లాప్‌టాప్‌లో కంపెనీ పెట్టిన ప్రోగ్రాం ఉండి ఉండి ముఖం ఫోటో తీస్తుంది. ముఖం లేకపోతే గంట మోగి మెసేజ్ వస్తుంది. అందుకని రోజంతా ముఖాన్ని కెమెరాకు అప్పగించి, ఒళ్లో ఫోను దాచుకుని రీళ్లు చూస్తుంటాడు. పొట్ట వచ్చింది. నడుముకు బెల్టు వచ్చింది. ఫోను మోగితే చాలు ఉలిక్కిపడతాడు. సాయంత్రం చాయ్ తాగడానికి బస్టాండు దాకా పోతే పోరగాళ్లు చుట్టూ చేరి, “అన్నా, ఏ కోర్సు నేర్చుకుంటే మంచిదే?” అని అడుగుతారు. వాళ్లకేదో చెప్పి వస్తాడు. వచ్చి, “గిట్ల చెప్పిన, కరెక్టేనా?” అని సిరీషను అడుగుతాడు.

సావిత్రమ్మ మాత్రం చుట్టాలతో, “మా కోడలు గూడ గదిలనే ఉంటది, వానికి చాయ్ గిట్ల అందిచ్చుకుంట,” అని చెబుతుంది. ఆ చాయ్ కూడా నిజమే.

ఫైలు సరిచేసి, బట్టల బకెట్టు తీసుకుని సిరీష డాబా మీదికి వెళ్లింది. ఆద్య యూనిఫాం దులుపుతుంటే ఫోను మోగింది.

“సిరీష గారేనా? నిజామాబాద్ ఆఫీసు నుంచి చేస్తున్నా. మీరు సెలెక్ట్ అయ్యారండి.”

పోయిన వారం దవాఖానలో చూపించుకుంటానని ఇంట్లో చెప్పి, నిజామాబాదులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి వెళ్లి పరీక్ష రాసి వచ్చింది. “ఇంట్లో కూచుని ఇదంతా ఎప్పుడు నేర్చుకున్నారు?” అని అక్కడివాళ్లు అడిగితే, “ఖాళీ దొరికినప్పుడు,” అంది.

“కాకపోతే పెళ్లయ్యాక గ్యాప్ వచ్చింది కదండీ,” అంటోంది ఫోనులో అమ్మాయి. “ఎక్స్‌పీరియన్స్ లేదు కాబట్టి ఫ్రెషర్ జీతమే, పద్నాలుగు వేలు. సోమవారం చేరాలి. మధ్యాహ్నం మూడింటిలోపు ఏదో ఒకటి చెప్పండి. లేకపోతే ఇంకో అమ్మాయికి ఇచ్చేస్తాం.”

చెబుతానని పెట్టేసింది. గ్యాప్. ఒంట్లో జ్వరంతో రాసిన ప్రోగ్రాములు, పిల్లకు పాలిస్తూ ఒంటిచేత్తో దిద్దిన తప్పులు, అఖిలేశ్‌కు రెండుసార్లు వచ్చిన మెచ్చుకోలు సర్టిఫికెట్లు, అన్నీ ఆ రెండక్షరాల్లో పడిపోయాయి. ఇప్పుడు వద్దంటే ఆ గ్యాప్ ఇంకా పెరుగుతుంది. పెరిగిన దాన్ని చూసి రేపు ఈ మాత్రం కూడా ఎవరూ పిలవరు.

“ఏంది సిరీషా, ఫోన్ పట్టుకొని బొమ్మ లెక్క నిలబడ్డవు?”

పక్క డాబా మీద రఫియా మిరపకాయలు ఎండబోస్తోంది. కింద వాళ్ల కుట్టు దుకాణం. పైన బోర్డు మీద ‘ఆబిద్ లేడీస్ టైలర్’ అని రంగు రంగుల అక్షరాలు. సిరీష పని సంగతి బయటివాళ్లలో తెలిసింది రఫియా ఒక్కతికే. సిరీష జరిగింది చెప్పింది.

“అరె, మంచిదే గదా! దీనికేం ఫికర్? మా ఇంట్ల జూడు, బోర్డు మీద ఆబిద్. మా ఆయనకు గుండీ కుట్టనీకి గూడ రాదు. పైసలు తీసుకుంటడు, చాయ్ తాగుతడు, క్రికెట్ జూస్తడు.”

“నీకు కోపం రాదా ఆపా?”

“ఎందుకొస్తది? వచ్చిన ఆడోళ్లంతా రఫియా కుడ్తేనే ఇస్తమంటరు. నేను మా అమ్మోళ్లింటికి పోతే వాపస్ పోతరు. నా చెయ్యి ఊరందరికి ఎరుకే.” ఒక మిరపకాయ తొడిమ తుంచి చూసి మళ్లీ పడేసింది. “నీ చెయ్యి ఎవలకెరుక చెప్పు?”

పెద్ద మాట అన్నట్టు కూడా లేదు. మిరపకాయలు పరుస్తూ అటు తిరిగింది. కింద మోటార్ సైకిలు ఆగిన చప్పుడైంది.

వచ్చింది ఆడబిడ్డ ప్రసన్న, ఆమె భర్త మహీపాల్. బిచ్కుందలో అతనికి సెల్‌ఫోన్ల దుకాణం ఉంది, లేదా ఉండేది. అందరూ ఫోను లోపలే ఫోన్లు కొనుక్కోవడం నేర్చాక దానికి గిరాకీ పోయింది. ప్రసన్న చేతిలో మిఠాయి డబ్బా ఉంది. మహీపాల్ మాత్రం పాడె మోసి వచ్చినవాడిలా చెప్పులు విడిచి, గోడ పక్కన కూర్చున్నాడు.

అల్లుడు వచ్చాడని సావిత్రమ్మ కోడి తెప్పించింది. పొలం నుంచి వెంకట్రాములు వచ్చాడు. తిండివేళ ఆ ప్రోగ్రాం ముఖం అడగదు కాబట్టి అఖిలేశ్ కూడా గదిలోంచి లేచి వచ్చాడు. అందరూ హాల్లో కింద కూర్చున్నారు. సిరీష వడ్డిస్తోంది.

“ఈయనకు సాఫ్ట్‌వేర్ నౌకరొచ్చింది వదినె,” అంది ప్రసన్న, డబ్బా తెరుస్తూ. “అన్నకు సెట్ చేసినోళ్లే చేసిండ్రు. ఇంటినుంచే పని. సోమవారం షురు.”

“అన్నా, నువ్వు ఎప్పుడు నేర్చుకున్నవు?” సిరీష మహీపాల్‌ను అడిగింది. అతను కంచంలో వేలితో గీత గీశాడు.

“నేర్చుకునుడేంది? నువ్వున్నవు గదా,” అంది ప్రసన్న. “ఎట్లన్న అన్నది చేస్తనే ఉన్నవు. పగలు అన్నది, పొద్దుమీకినంక ఈయనది. ఈయన ఫోన్ల స్క్రీన్ చూపిస్తడు, నువ్వు చెప్తుండు, ఈయన కొడ్తుంటడు.”

గరిటె సిరీష చేతిలో ఆగిపోయింది. అఖిలేశ్ వైపు చూసింది. అతను తల ఎత్తలేదు. ముందే తెలుసన్నమాట.

“నీకు కొత్త పనేం గాదు గదా,” అంది సావిత్రమ్మ, కూతురి కంచంలో కోడి ముక్క వేస్తూ. “నలుగురికి వండేకాడ ఐదో మనిషొస్తే ఇంకో గిలాసెడు బియ్యం ఎక్కువేస్తం. గంతే.”

“ఆడబిడ్డ సంసారం నిలబడ్తది బిడ్డా. కాదనకు,” అన్నాడు వెంకట్రాములు. అది అడగడం కాదు, అప్పటికే అయిపోయిన మాటను మర్యాదగా వినిపించడం.

“చెల్లె, నీకు కష్టమైతె...” అనబోయాడు మహీపాల్. ప్రసన్న మోచేత్తో పొడిచింది.

“పెరుగు తెస్త,” అని సిరీష వంటింట్లోకి వెళ్లింది.

గట్టు మీద పొద్దుటి మిక్సీ జారు అట్లాగే ఉంది, కడగాలి. అది పక్కకు జరిపి ఫోను తీసింది. పొద్దున వచ్చిన నంబరుకే చేసింది.

“నేను సిరీషను. సోమవారం వస్తున్నా మేడం.”

పెరుగు గిన్నె తెచ్చి అందరి మధ్యా పెట్టింది. ఇంకో కంచం తెచ్చుకుని, మగవాళ్ల తిండి అయ్యేదాకా ఆగకుండా, ప్రసన్న పక్కన కూర్చుంది. అన్నం పెట్టుకుంది.

“సోమవారం నుంచి నేను నిజామాబాద్ పోతున్న. నౌకరికి. ఇప్పుడే చెప్పిన, వస్తనని.”

“ఎవలకు నౌకరి?” అంది సావిత్రమ్మ, నిజంగానే అర్థంకాక.

“నాకే అత్తమ్మా. నా పేరు మీద.”

వెంకట్రాములు నీళ్ల గ్లాసు దించాడు. “ఎంతిస్తరు?”

“పద్నాలుగు వేలు.”

“అరవై రెండు వేలు ఇంట్లకొస్తుంటే ఇడిసిపెట్టి పద్నాలుగుకు పోతవా? మతి ఉన్నదా?”

“ఆ అరవై రెండు ఆయనయి మామయ్యా. నేను ఇడిసిపెట్టనీకి నాయి కావు.”

“మరి ఇల్లు? పోరి బడినుంచి వస్తే ఎవలు చూస్తరు?” సావిత్రమ్మ గొంతు లేచింది.

“మీరుంటరు. ఆయన గూడ ఇంట్లనే ఉంటడు గదా.”

“మా సంసారం ముంచనీకే ఇయ్యాల పెట్టుకున్నవా వదినె?” ప్రసన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి ఉత్త నీళ్లు కావు. దుకాణం షట్టరు దించిన ఇల్లాలి నీళ్లు. సిరీషకు వాటి వైపు చూడటం కష్టమైంది. చూసింది, చూసి కూడా మాట మార్చలేదు.

“సిరీ,” అన్నాడు అఖిలేశ్ మెల్లగా. “నాకు రాదని ఎరుకే గదా నీకు. వస్తే నేను చెయ్యనా?”

“ఎరుకే. పొద్దుగాల లేసి నెల రోజులు నేర్పిస్త. నేర్చుకుంటె నీది నీకుంటది. నీ పని మాత్రం ఇగ నేను చెయ్య.”

వెంకట్రాములు కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. సావిత్రమ్మ లేవలేదు, తినలేదు. మహీపాల్ కంచం పక్కకు జరిపాడు.

“చెల్లె... సోమవారం వాళ్లు ఫోన్ జేసి పని గురించి అడుగుతరు. అప్పుడు నేనేం చెప్పాలె?”

“రాదని చెప్పు అన్నా. ముందుగాల గది చెప్పాలె.”

“గట్ల చెప్తె తీసేస్తరు,” అంది ప్రసన్న.

“తీసేస్తరేమో,” అంది సిరీష, అన్నం కలుపుకుంటూ.

అఖిలేశ్ తల ఎత్తి చూశాడు. ఆ మాట బావ ఒక్కడికే చెప్పింది కాదని అతనికి తెలుసు. తిండివేళ అయిపోయినట్టుంది, లోపల గదిలో ముఖం కోసం అడిగే గంట మోగింది. అతను సగం లేచాడు, లేచి, ఎంగిలి చెయ్యి అట్లాగే పట్టుకుని, గడప దగ్గర నిలబడిపోయాడు.