వాగునీళ్ళలో ఉప్పు

ఒకే నెలలో మూడోసారి దుర్గేష్ జీపును తాడు కట్టి లాక్కొచ్చారు. రాంగోపాల్‌పేట్‌లోని తన షెడ్డు ముందు దాన్ని చూడగానే లూకాకు తల కొట్టేసినట్టయింది. పాతికేళ్ళుగా బండ్ల వైరింగు పనే చేస్తున్నాడు. బాగుచేసిన బండి ఇలా తిరిగి రావడం ఎరగడు.

దుర్గేష్‌ది నేరేడ్‌మెట్. ఆదివారం వస్తే చాలు, స్నేహితులతో కలిసి ఊరవతల వాగుల్లో జీపు తోలడం అతని సరదా. వాగు దాటే బండికి నీళ్ళ జబ్బులు మామూలే. వైర్లు కలిసే ఏదో ఒక ప్లగ్గులోకి తడి చేరుతుంది, ఇంజను ఆగుతుంది. తుడిచి, ఆరబెట్టి, గ్రీజు పెడితే సరిపోతుంది. కానీ రెండుసార్లూ పాడైంది ఒకటే ప్లగ్గు. రెండుసార్లూ లూకా కొత్త రబ్బరు వేసి మరీ బిగించాడు.

బానెట్ ఎత్తి దాన్ని ఊడదీశాడు. రబ్బరు చెక్కుచెదరలేదు. లోపల పిన్నుల మీద మాత్రం పచ్చటి చిలుము, దాని చుట్టూ తెల్లటి పొడి. వేలితో గీకి నాలుకకు రాసుకున్నాడు.

ఉప్పు.

లూకా అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు. మొదటిసారి బండి వచ్చినప్పుడు దుర్గేష్ భార్య నీహారిక పక్కన నిలబడి అన్నీ అడిగింది. "గీ ఒక్క ప్లగ్గు తడిస్తె చాలమ్మా, బండి కదలది. ఉత్త నీళ్ళయితె ఆరిపోతయి. ఉప్పు నీళ్ళు వడ్డయనుకో, ఇగ అంతే" అని ఆమెకు విప్పి మరీ చూపించినవాడు తనే.

చప్పుడు చేయకుండా తుడిచి ఇచ్చేస్తే? ఆమె మళ్ళీ పోస్తుంది. చెప్పెయ్యాలనే అనుకున్నాడు. ఆ సాయంత్రం భార్యాభర్తలిద్దరూ కలిసే వచ్చారు.

"మళ్ళీ వాగునీళ్ళేనా, లూకా గారూ?" అన్నాడు దుర్గేష్.

"నీళ్ళే సార్. గని వాగుయి కావు." లూకా ప్లగ్గును అతని చేతిలో పెట్టాడు. "ఉప్పు నీళ్ళు. ఎవరో ఇప్పి పోసిన్రు."

దుర్గేష్ నవ్వబోయాడు. "మా ఇంటి దగ్గర అంత తీరిక ఎవరికుంది?"

"నేనే పోశాను" అంది నీహారిక. "శనివారం పోస్తే ఆదివారం బండి కదలదనుకున్నా. పోయినేడు వాగులో కొట్టుకుపోబోయి, కొమ్మ పట్టుకుని బతికావు. ఆ వీడియోని నవ్వుకుంటూ అందరికీ చూపించావు. ఎంత బతిమాలాను నిన్ను?"

లూకాకు ఉండబట్టలేదు. "అమ్మా, ఉప్పు ఎంబడే పని చెయ్యది. పిన్నులను మెల్లగ తింటది. ఇంటికాడ బండి మంచిగనే షురూ అయితది. నడిమిట్ల ఆగుతది."

నీహారిక దుర్గేష్ వైపు తిరిగింది.

"అక్కడే ఆగింది" అన్నాడు దుర్గేష్, ప్లగ్గు వైపే చూస్తూ. "నిన్న వాగు మధ్యలో. నీళ్ళు సీటు దాకా వచ్చాయి. పాప ఒకటే ఏడుపు..."

మాట జారిందని అతనికి అప్పుడు తెలిసింది.

"పాపా? మీ అమ్మగారింట్లో దింపి వెళ్ళానన్నావుగా?"

అతను ప్లగ్గును లూకా చేతికి తిరిగిచ్చాడు.

"నాన్నమ్మ కొనిచ్చిందన్న ఆ కొత్త గౌను..."

"దారిలో కొన్నాను. పాత గౌను తడిసిపోయింది. నీకు చెప్పొద్దని పాపతో అన్నాను."

నీహారిక పక్కనున్న పాత టైరు మీద కూర్చుండిపోయింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటోంది. ఇద్దరూ కేకలేసుకుంటారని లూకా భయపడ్డాడు. వాళ్ళు కేకలేసుకున్నా బాగుండేదనిపించింది. దుర్గేష్ తాళం చెవి బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు. నాలుగడుగులు వెనకగా ఆమె కూడా వెళ్ళింది.

మర్నాడు లూకా ప్లగ్గు మార్చాడు, వైరు మార్చాడు. నడుస్తున్న ఇంజను మీద గంటసేపు పైపుతో నీళ్ళు కొట్టాడు. ఒక్కసారి కూడా తడబడలేదు. ఫోను చేస్తే దుర్గేష్, "అక్కడే ఉండనివ్వండి. అమ్మేద్దామనుకుంటున్నా" అన్నాడు.

వారం తర్వాత నీహారిక ఫోను చేసింది. "బండి బాగైందా?"

"అయిందమ్మా."

"పాప ఇప్పుడు తల మీద చెంబుడు నీళ్ళు పోసినా కెవ్వుమంటోందండి. నా దగ్గరికీ రావడం లేదు, ఆయన దగ్గరికీ పోవడం లేదు. ఆ ప్లగ్గు మీరు విప్పి చూపించకపోతే ఉప్పు సంగతి నాకు తెలిసేదే కాదు కదా, లూకా గారూ?"

తిట్టినట్టు లేదు. నిజంగానే అడిగినట్టుంది.

"అవునమ్మా" అన్నాడు లూకా.