కొంచెం వంచి కుట్టిన రింగు

మా కోడలు ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే వెలుగుని వంచుతుందని చెప్తాను. వాళ్ళు తెల్లమొహం వేస్తారు. వేస్తే వెయ్యనీ. చేతులు అరిగేదాకా బట్టలు కుట్టినదాన్ని, చెప్పినట్టు వినని గుడ్డని దారికి తేవడమే ఎంత కష్టమో నాకు తెలుసు. అలాంటిది చేతికి చిక్కని వెలుగుని దారికి తేవడమంటే మాటలా?

తను నాకెలా చెప్పిందో అలాగే చెప్తాను, అంతకు మించి అడక్కండి. తపాలా బిళ్ళంత అద్దం ఒకటుంటుంది. దాని లోపల లిక్విడ్ క్రిస్టల్ అనే పదార్థం. చేతి గడియారాల్లో అంకెలు చూపించేదీ అదేనట. అద్దం నిండా కంటికి ఆనని గళ్ళు. కరెంటు ఎలా చెప్తే అలా ఒక్కో గడిలో ఆ పదార్థం అటో ఇటో ఒరిగి, తన మీద పడ్డ లేజర్ వెలుగుని రవ్వంత ఆలస్యంగా వెనక్కి పంపుతుంది. ఒక్కో గడిది ఒక్కో ఆలస్యం. ఆ వెలుగంతా తిరిగొచ్చి ఒకచోట కలిసేసరికి గాల్లో బొమ్మ నిలబడుతుంది. తెర అక్కర్లేదు. తల పక్కకి జరిపితే బొమ్మ పక్కభాగం కనపడుతుంది, నిజం వస్తువుకి కనపడ్డట్టే.

ఆ అద్దం మీద ఏముంటుందో ఒకసారి తన కంప్యూటర్లో చూశాను. చీమలు పారినట్టు నలుపూ తెలుపూ గజిబిజి తప్ప ఏమీ లేదు.

"ఏంటమ్మాయ్ ఈ పిచ్చిగీతలు?" అన్నాను.

"మీ గుండె అత్తయ్యా," అంది, తల కూడా తిప్పకుండా.

నిజమే, నా గుండే. కిందటేడు లోపలి కవాటం కారుతోందని డాక్టరమ్మ కోసి, దాని చుట్టూ రింగు వేసి బాగుచేసింది. తర్వాత, గుండె కొట్టుకోవడం కూడా తెలిసేలా తీసిన స్కాను నా దగ్గరే ఉంది. మా కోడలికి ఆ గాల్లో బొమ్మ చూపించే తన మిషన్లో పెట్టడానికి గుండె కావాల్సొచ్చింది. ఇంట్లో గుండె పెట్టుకుని ఊరంతా వెతకడం దేనికని ఇచ్చేశాను.

ఏడాదంతా ఆ గుండెతోనే కుస్తీ. మొదట్లో బొమ్మ సరిగ్గా నడిమధ్య ఒక చుక్క మెరిసేది. అద్దం ఎంత చెప్పినా వినకుండా తిన్నగా వచ్చేసే వెలుగట అది. దాన్ని పోగొట్టలేక మా కోడలు అన్నం ముందు కూర్చుని కూడా శూన్యంలోకి చూసేది. చివరికి బొమ్మనే పక్కకి జరిపి, చుక్కకి అడ్డంగా గుండుసూది తలంత నల్ల చుక్క పెట్టింది. "మొండిదాన్ని మార్చలేం అత్తయ్యా, దాని మానాన దాన్ని వదిలేసి మన పని మనం చూసుకోవాలి," అంది. ఆ మాట అంటూ నా వంక ఎందుకు చూసిందో నేనడగలేదు.

ఇంతకీ చెప్పొచ్చేదేంటంటే, ఆ రోజు డాక్టరమ్మ మిషన్ చూడ్డానికి వస్తోంది. మిషన్ పనికొస్తుందని ఆవిడంటే ఆసుపత్రి చెయ్యి కలుపుతుంది, మిషన్ పెట్టుకున్న గది మా కోడలికే ఉంటుంది. పెదవి విరిస్తే గది వేరే జట్టుకి పోతుంది, మిషన్ని ముక్కలు ముక్కలుగా విప్పి సర్దెయ్యాలి. మా కోడలు పడ్డ కష్టమంతా గంగపాలు. పెద్దసారు, అంటే మా కోడలు పనిచేసే ఆఫీసుకి పెద్ద, మంచాయనే. కాని మరీ ముందుచూపు. సర్దడానికి అట్టపెట్టెలు అప్పుడే తెప్పించి, మడత విప్పకుండా వరండా గోడకి ఆనించి పెట్టించాడు. వాటిని చూడగానే నాకు ఒళ్ళు మండింది. పరీక్ష రాయకముందే ఫెయిలని రాసేసినట్టుంది.

డాక్టరమ్మ కూడా తక్కువ తినలేదు. ముందురోజు ఫోన్ చేసి, "ఆ గుండెలో నేనొక పని చేశాను. మామూలుగా తెర మీద స్కాను చూస్తే ఎవరికీ తెలీదు. అదేంటో చెప్పను. మీ బొమ్మలో అది నాకు కనపడితే ఒప్పుకుంటాను," అందట. నాకా ముక్క మా కోడలు పొద్దున్నే నన్నూ వెంటబెట్టుకుని ఆఫీసుకొస్తూ దార్లో చెప్పింది. "మీకేమైనా తెలుసా అత్తయ్యా?" అని కూడా అడిగింది. మత్తిచ్చి పడుకోబెట్టినదాన్ని, నాకేం తెలుస్తుంది?

గుమ్మం దగ్గర కళ్ళజోళ్ళాయన నిలబడ్డాడు. లేజర్ కంట్లో పడకుండా లోపలికెళ్ళే ప్రతి మనిషికీ నారింజరంగు అద్దాలు తగిలించడం ఆయన ఉద్యోగం. పెద్దసారుకి ఇచ్చాడు, డాక్టరమ్మకి ఇచ్చాడు. మా కోడలికి ఇవ్వక్కర్లేదు, పొద్దుట్నుంచీ పెట్టుకునే ఉంది, ఆ గదిలో తన మొహానికి అవి పుట్టుకతో వచ్చినట్టే. నాకూ పెట్టబోయాడు. నా సోడాబుడ్డి అద్దాల మీద అవి ఎక్కలేదు. నా అద్దాలు తీసెయ్యమన్నాడు. తీస్తే నువ్వే కనపడవు, ఇంక గుండేం కనపడుతుంది నాయనా అన్నాను. సరే, బల్ల దగ్గరికి రావద్దంటూ మూల నల్ల పరదా పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టాడు. గుండె నాది, మూల కూడా నాదే.

బల్ల మీద ఇనప కాళ్ళు, వాటికి బిగించిన అద్దాలు, మధ్యలో ఆ తపాలా బిళ్ళ. చివర్లో గడ్డం ఆనించుకునే చిన్న చెక్క, కళ్ళ డాక్టరు దగ్గరుంటుందే, అలాంటిది. ఆ చోట ఏడాదిగా కెమెరా ఉండేది. మనిషి కన్ను పెట్టడానికి అనుమతి లేక, కెమెరా పెట్టి టీవీలో చూసుకుంటూనే పనంతా చేశారు. ఆ పొద్దున్నే వెలుగు బాగా తగ్గించి, కొలిచి, ఇంక కన్ను పెట్టొచ్చని కళ్ళజోళ్ళాయనే సంతకం చేశాడు. మా కోడలు కెమెరా విప్పేసి ఆ చెక్క బిగించింది.

డాక్టరమ్మ కూర్చుని గడ్డం ఆనించింది. మా కోడలు మీట నొక్కింది. గదిలో గాలి పంకా చప్పుడు తప్ప ఏమీ లేదు.

"మొదలెట్టారా?" అంది డాక్టరమ్మ.

"వస్తోందండీ."

"నాకంతా నల్లగా ఉంది."

మా కోడలు కుర్చీ ఎత్తు సర్దింది, గడ్డం చెక్క సర్దింది. ఆవిడ కొంచెం అటు జరిగింది, ఇటు జరిగింది. నలుపే. పెద్దసారు కూర్చుని చూశాడు. నలుపే. మా కోడలు తనే వంగి చూసింది. వంగిన మనిషి అలాగే ఉండిపోయింది. తర్వాత లేచి కంప్యూటర్ దగ్గరికెళ్ళి ఏవేవో నొక్కింది.

"అన్నీ సరిగ్గానే నడుస్తున్నాయి," అంది. "నిన్న కూడా కెమెరాలో వచ్చింది. ఇంతలో ఏమైందో..."

డాక్టరమ్మ గడియారం చూసుకుంది. పెద్దసారు గొంతు సవరించుకుని, "పోనీలేమ్మా, నీ ప్రయత్నం నువ్వు చేశావు," అన్నాడు. నాలుగు తిట్టినా సహిస్తాను గాని మా పిల్లని చూసి ఎవరైనా జాలిపడితే నేను ఓర్చుకోలేను.

లేచాను. "జరగండి," అన్నాను.

"అమ్మగారూ, మీరు బల్ల దగ్గరికి..." అని కళ్ళజోళ్ళాయన ఏదో అనబోయాడు.

"నా గుండె నేను చూసుకోవడానికి నీ అనుమతేంటి?" అని కూర్చుని గడ్డం ఆనించాను.

కోడిగుడ్డంత ఉంది. ఆకుపచ్చ వెలుగుతో చేసినట్టుంది. దేన్నీ ఆనుకోకుండా గాల్లో నిలబడి, తన పాటికి తను కొట్టుకుంటోంది. పల్చటి గోడలు, వాటి మధ్య గదులు, రెండు రెక్కల తలుపులా తెరుచుకుంటూ మూసుకుంటూ కవాటం. ఇన్నేళ్ళు నాకు తెలీకుండా నాకోసం పాటుపడుతున్నది అదేనా అనిపించి కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంతలో ఆ తలుపు చుట్టూ ఉన్న రింగు మీద నా చూపు పడింది. తల ఇటు జరిపాను, అటు జరిపాను. నా నోరు ఊరుకుంటుందా?

"ఇదేంటి డాక్టరమ్మా, రింగు వంకరగా కుట్టారు?"

"ఏమన్నారు?" అంది డాక్టరమ్మ.

"వంకరగా కుట్టారంటున్నాను. ముందునుంచి చూస్తే శుభ్రంగానే ఉంది. తల పక్కకి పెడితే తెలుస్తోంది, వెన్ను వైపు లోపలికి ఒరిగింది. నా షాపులో కాలరు ఇలా కుడితే అక్కడికక్కడే విప్పించేదాన్ని."

"ఈ సంగతి మీకెవరు చెప్పారు?"

"ఎదురుగా కనపడుతుంటే ఒకరు చెప్పాలా?"

మా కోడలు నా దగ్గరికొచ్చింది. నా మొహంలోకి చూసింది. నా సోడాబుడ్డి అద్దాలు చూసింది. ఆ తర్వాత మెల్లిగా చెయ్యెత్తి తన మొహానికున్న నారింజ అద్దాలు తీసి, వాటినే చూస్తూ నిలబడింది.

"పచ్చ లేజర్‌ని ఆపే అద్దాలు," అంది, తనలో తను చెప్పుకుంటున్నట్టు. "బొమ్మంతా పచ్చ లేజరే. అందరం ఇవి పెట్టుకుని..." మిగతాది నవ్వులో కొట్టుకుపోయింది. నవ్వూ ఏడుపూ కలిసిపోయాయి.

ఏడాదిపాటు కెమెరా చూసింది, వీళ్ళు టీవీ చూశారు. కెమెరాకి కళ్ళజోడు ఎవరు పెడతారు? అద్దాలు మొహానికి అంతగా అలవాటైపోయి, అవి ఉన్నాయన్న సంగతే మర్చిపోయారు. ఇంక కన్ను పెట్టొచ్చని పొద్దున సంతకం చేసిన మనిషే గుమ్మంలో నిలబడి అందరి కళ్ళకీ గంతలు కట్టి పంపాడు. ఆయన ఏదో రూలు చెప్పబోతే పెద్దసారు చెయ్యెత్తి ఆపాడు.

డాక్టరమ్మ అద్దాలు తీసేసి నన్ను లేపి కూర్చుంది. చాలాసేపు చూసింది. తల పక్కకి వంచి చూసింది, ఇంకా వంచి చూసింది. లేచేసరికి ఆవిడ మొహమే మారిపోయింది.

"అక్కడ కండ పల్చగా ఉందమ్మా," అంది నాతో. "తిన్నగా కుడితే చిరిగేది. అందుకే కావాలనే కొంచెం వంచి కుట్టాను. నా చేతికి తప్ప ఇంకెవరికీ తెలీదనుకున్నాను."

"చిరిగే గుడ్డయితే నేనూ అలాగే కుడతాను. ఆ ముక్క ముందే చెప్పాల్సింది," అన్నాను. "కుట్టు బాగుంది."

ఆవిడ నవ్వి మా కోడలి వైపు తిరిగింది. "వచ్చేవారం ఒక పసిపాపకి ఆపరేషన్ ఉంది. ఆ గుండె కొయ్యకముందు నేనిలా చూడాలి. చూపించగలరా?"

"చూపిస్తానండీ," అంది మా కోడలు.

అందరూ చూశాక, ఆఖర్న తను కూర్చుంది. తన చేతుల్తో చేసిన బొమ్మని తన కళ్ళతో చూడ్డం అదే మొదటిసారి. నేను వెనక నిలబడి భుజం మీద చెయ్యేశాను. తల అటు వంచి చూసింది, ఇటు వంచి చూసింది.

"ఎడమవైపు అంచు కొంచెం మసగ్గా ఉంది అత్తయ్యా," అంది.

"నా గుండెకే వంక పెడతావా," అని నెత్తిమీద ఒక్కటిచ్చాను. ఇచ్చిన చేత్తోనే తల నిమిరాను. పెద్దసారూ డాక్టరమ్మా చూస్తున్నారని కూడా అనుకోలేదు. "ఈవిడ నా కోడలండీ," అన్నాను వాళ్ళతో, వాళ్ళకి తెలీనట్టు. ఆ మాట అనడానికి నాకు అంతకంటే మంచి సమయం దొరకదు. గర్వమా అంటే గర్వమే, దాచుకోవడం దేనికి? నా పిల్ల వెలుగుని కూర్చోమంటే కూర్చుంది, నిలబడమంటే నిలబడింది.

బయటికొస్తుంటే వరండాలో ఆ అట్టపెట్టెలు ఇంకా గోడకి ఆనుకునే ఉన్నాయి. ఆగాను.

"పెద్దసారూ, ఇవి మాకిచ్చెయ్యండి," అన్నాను. "మా ఇంట్లో పాత బట్టలు సర్దుకోవాలి. ఇక్కడ వీటితో ఇంకేం పని లేదుగా?"

ఆయన పెట్టెల వంక చూశాడు, మా కోడలి వంక చూశాడు. "లేదమ్మా, తీసుకెళ్ళండి," అన్నాడు.

మోసుకోవడానికి మా కోడలు సిగ్గుపడింది. నేను పడలేదు. చంకలో పట్టినన్ని పెట్టి, మిగిలినవి తన చేతికిచ్చి, వీధి పొడుగునా తల ఎత్తుకుని నడిచాను.