తమ్ముడూ, ఉన్నావా?

మా ఆస్పత్రిలో నర్సులందరికీ తలా ఒక ఫోనిచ్చి, ఆ ఫోన్లకు నన్ను కాపలా పెట్టారు. ఏ మంచం మీది రోగికి ఏ మందు ఎంత వెయ్యాలో అంతా అందులోనే ఉంటుంది. మూడో వార్డు నర్సు మా అక్క.

సోమవారం ఆ వార్డు రోగుల వివరాలన్నీ ఎవడో ఎత్తుకుపోయాడు. వాడు దూరింది అక్క ఫోన్లోంచే. ఆమే ఏదో నొక్కి ఉంటుందని సూపరింటెండెంటుగారు తేల్చేశారు. గురువారం విచారణ. తప్పు ఆమెదని తేలితే ఇరవై రెండేళ్ల ఉద్యోగం పోయినట్టే.

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు నేనూ ఎగిరాను. "కనబడ్డ వైఫైకల్లా కలపొద్దని ఎన్నిసార్లు చెప్పానక్కా?"

"నేనేం నొక్కలేదు తమ్ముడూ. కార్లు ఆపే చోట కాసేపు నిలబడ్డానంతే. ఫోను జేబులోంచి తియ్యనేలేదు."

నేను నమ్మలేదు. అది ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

గురువారం పొద్దున ఆ ఫోను తెరిచి, ఎప్పుడు ఏ వైఫైకి కలిసిందో చూశాను. సోమవారం పదకొండింటికి కలిసిన దాని పేరు 'తమ్ముడు'.

ఆ పేరు పెట్టింది నేనే. ఫోన్లు కొత్తగా వచ్చినప్పుడు పరీక్షించడానికి నా బల్ల మీద చిన్న వైఫై పెట్టుకున్నాను. ఒక్కపూట పనికి పాస్‌వర్డెందుకని పెట్టలేదు. తర్వాత అందరి ఫోన్లలోనూ ఆ పేరు చెరిపేశాను. అక్క ఫోను మాత్రం, మనదేగా, రేపు చూద్దాంలే అనుకున్నాను. ఆ రేపు రాలేదు. అప్పట్నుంచీ అది వెళ్లిన చోటల్లా "తమ్ముడూ, ఉన్నావా?" అని పిలుస్తూనే ఉంది. కార్ల మధ్య కూర్చున్నవాడెవడో విని, అదే పేరుతో వైఫై పెట్టి "ఉన్నా" అన్నాడు. పిచ్చి ఫోను, నమ్మేసి దానంతటదే కలిసిపోయింది.

ఫోన్లో ఆ పేరున్న వరస చెరిపేస్తే ఎవరికీ తెలియదు. చెరపలేదు. నోరు తెరిచి చెప్పే ధైర్యమూ లేదు. ఆ జాబితా అచ్చుతీసి విచారణ ఫైల్లో పెట్టి, విచారణ గదిలో ఓ మూల కూర్చున్నాను.

"ఎవరమ్మా ఈ తమ్ముడు?" అన్నారు సూపరింటెండెంటుగారు ఆ కాగితం చూసి.

అక్క నావైపు చూసింది. నా మొహం చూడగానే ఆమెకు అర్థమైపోయింది.

"తెలీదండీ," అంది.

"అంటే మీరే నొక్కారు."

"నొక్కే ఉంటానండీ."

ఆ మాటతో లేచి అక్క పక్కకొచ్చి నిలబడ్డాను.

"ఆ తమ్ముడు నేనేనండీ."

అక్క తల దించుకుని, నాకొక్కడికే వినబడేలా అంది. "పలకడానికి ఇంతసేపా?"