ముందు పెంకులు దించాలి

మా కళ్లముందే కాంట్రాక్టరు మనుషులు రెండో తరగతి బల్లల్ని కిటికీలోంచి వీధిలోకి గిరాటేశారు. పిల్లలు పుస్తకాల సంచులు గుండెకు అదుముకుని గోడవార నిలబడ్డారు. వాళ్లలో నా కూతురూ ఉంది.

"అమ్మా, నువ్వెందుకొచ్చావే?" అంది.

ఏం చెప్పను? మీ బడి కూల్చడానికి వచ్చానే తల్లీ అని చెప్పనా?

పాత కట్టడాలు కూల్చే ముఠా మాది. ఇరవై ఇద్దరం. లారీ ఎక్కేటప్పుడు ఎక్కడికి, ఎవరి గోడ అని అడిగే అలవాటు లేదు. పని ఉందంటే ఎక్కేస్తాం. ఆ పాడు అలవాటు ఎంత పని చేసిందో లారీ మా వీధిలోకే తిరిగాక తెలిసింది. ఎనభై ఏళ్ల బడి అది. మిల్లులో చాకిరీ చేసే మా తాతలు సెలవు రోజుల్లో ఇటుకలు మోసి కట్టుకున్నారు. మా మేస్త్రీ, వరసకు నాకు బావ, ఇక్కడే మూడో తరగతి మూడుసార్లు తప్పాడు.

కాంట్రాక్టరు కాగితం ఊపాడు. "ఇక్కడ షాపులొస్తాయి. మీ పిల్లలు హైవే అవతల బడికి పోతారు."

హైవే! పెద్దవాళ్లమే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాటుతాం. ఏడేళ్ల పిల్ల రోజూ ఎలా దాటుతుంది?

"టీచరమ్మా, మీరైనా ఆపండి," అన్నాను.

ఆమె తల దించుకుంది. "నా ఉద్యోగం ఊడుతుందమ్మా. నేనేం చెయ్యలేను."

"మనం కాకపోతే ఇంకో ముఠా వస్తుందక్కా," అన్నాడు సమ్మెట కొట్టేవాడు. "నా ఇంట్లో పొయ్యి వెలగొద్దా?"

"లారీ కింద నా పిల్ల పడితే నీ పొయ్యి వెలుగుతుందట్రా? సిగ్గులేదూ!"

"అరవకండి," బావ గొంతు తగ్గించాడు. "కూల్చేటప్పుడు ముందేం దించుతాం?"

"పెంకులు."

"అవి దిగకుండా గోడ ముట్టుకుంటామా?"

"ముట్టుకోం."

"అయితే అందరూ ఎక్కండి. ఎక్కి కూర్చోండి."

పెంకు పగలకుండా వాసాల మీద కూర్చోవడం మాకు చేతనైన విద్యే. పని మొదలైందనుకుని కాంట్రాక్టరు టీ తాగడానికి పోయాడు. తిరిగొచ్చి చూస్తే ఒక్క పెంకూ కదల్లేదు.

"ఏమిట్రా వేషాలు? దిగండి!"

"దిగం! బడి మాది!"

మధ్యాహ్నానికి పోలీసులొచ్చారు. ముందు బావను జుట్టు పట్టి దించారు. నడుం మీద లాఠీ విరిగేదాకా కొట్టారు. నాకు భయం వేసింది, దాచను. అయినా నా అంతట నేను దిగలేదు, ఇద్దరు కలిసి లాగారు. నా కూతురు వచ్చి నా కొంగు పట్టుకుని గుక్కపెట్టి ఏడ్చింది. దాని వేళ్లు ఒక్కొక్కటే విడదీసి నన్ను వ్యాన్లోకి తోశారు.

కిటికీ ఊచల్లోంచి చూశాను. మమ్మల్ని దించేసిన కప్పు మీదికి మిల్లు ఆడవాళ్లు ఎక్కుతున్నారు. ఇస్త్రీ బండివాడు ఎక్కుతున్నాడు. టీచరమ్మ నా కూతురి కళ్లు తుడిచి, నిచ్చెన దగ్గరికి నడిచింది.

"మీరు గవర్నమెంటు ఉద్యోగి. గుర్తుందా?" ఇన్‌స్పెక్టరు గద్దించాడు.

"గుర్తుంది. కాస్త పక్కకి జరగండి," అంటూ ఆమె మొదటి మెట్టు మీద కాలు పెట్టింది.