డిక్కీలోకి మారిన పెట్రోలు పంపు

నేను ఒక పెట్రోలు పంపును. మీరు బండి ఆపి నింపించుకునే బంకును కాదు. ట్యాంకులోని పెట్రోలును ఇంజను దాకా తోసే, పిడికిలంత కరెంటు పంపును. ఫ్యాక్టరీలో నా లోపల రాగితీగ చుట్టిన అమ్మాయి "బాగా ఆడు తల్లీ" అని తట్టి పంపింది. కొట్లో కొన్నాళ్ళు దుమ్ము తిని, విశాఖపట్నంలో షిప్‌యార్డు నుంచి రిటైరైన వైకుంఠం గారి చేతిలో పడ్డాను.

ఆయనకో పాత ఎర్ర స్పోర్ట్స్ కారుంది. రెండే సీట్లు, పైకప్పు లేదు. నన్ను ఇంజను పక్కనే బిగించి, సన్నటి వైరొకటి తగిలించి, 'చాల్లే' అనుకున్నారు. మనుషులకు ఈ 'చాల్లే' అంటే మహా ఇష్టం. అనంతగిరి ఘాటు ఎక్కుతుంటే పెట్రోలు గొట్టంలోనే ఆవిరైంది. నేను ఉత్తినే కొట్టుకున్నాను, బండి ఆగిపోయింది. ఇంజను వేడికి వైరు కరిగి పొగ లేచింది. పక్కసీట్లోని భార్య నాగరత్నం గారు కుచ్చిళ్ళు పట్టుకుని దూకేశారు.

"ఇంక ఈ బండెక్కితే ఒట్టు!" అని బస్సులో ఇల్లు చేరారు.

పక్కసీటు ఖాళీ అయ్యాక ఆయనకు కారు తియ్యబుద్ధి కాలేదు. చివరికి నన్ను ఊడదీసి, డిక్కీలో ట్యాంకు పక్కన, చల్లని చోట, కింద రబ్బరు వేసి కూర్చోబెట్టారు. లావుపాటి వైరు లాగి మధ్యలో ఫ్యూజు పెట్టారు. రంగు గీకి, మెరిసే రేకుకు ఎర్తు బిగించారు. నాగరత్నం గారు గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నారు.

"ఆపేసే స్విచ్చి ఎక్కడ పెడతన్నారు?"

"నా పక్కన."

"నా పక్కన పెట్టండి. భయమేసేది నాకు కదా."

ఆయన డాష్‌బోర్డులో ఆవిడ వైపు స్విచ్చికి కన్నం వేశారు.

మళ్ళీ అదే ఘాటు. సగం ఎక్కాక ఆవిడ "వాసనొస్తంది" అంటూ స్విచ్చి కట్టేశారు. ఆయన విసుక్కుంటూనే దిగి డిక్కీ తెరిచారు. నిజమే. నా మూతి దగ్గర క్లిప్పు వదులై పెట్రోలు కారుతోంది. ఆయన బిగించి, తుడిచి, బాగా ఆరనిచ్చారు.

"నువ్వు కట్టకపోయుంటే..." అన్నారాయన.

"చేతులు వణుకుతన్నాయి మీకు. తాళాలిటివ్వండి."

ఇంట్లో ఉన్న ఇంకో చిన్నకారు ఎప్పుడూ నడిపేది ఆవిడే. ఈ కారు స్టీరింగు మాత్రం ఆయన ఎన్నడూ ఎవరికీ ఇచ్చింది లేదు. ఇప్పుడు ఇచ్చారు.

నేను మళ్ళీ కొట్టుకోవడం మొదలుపెట్టాను. గేరు ఒకసారి గర్రుమని, సర్దుకుంది. ముందు నుంచి ఆయన గొంతు వినిపించింది. "మెల్లగా, రత్నం... మలుపుంది!"

ఆవిడ నవ్వుతూ ఇంకాస్త తొక్కారు. నేనూ ఇంకాస్త తోశాను.